పసుపు చుక్క కార్డు

ఇబ్రహీంపట్నం,
ఆషాఢం

మీర్‌పేట్‌లో వెలసిన కంప్యూటర్ డాక్టర్ స్వామికి,

రాంచందర్ రాయునది. ఉత్తరమేమిటని నవ్వకు. ఫోన్ చేస్తే సగం మాటలో కట్ చేసే అలవాటు నీకు చిన్నప్పటి నుంచి, అంటే మన ఇళ్ళల్లో ఫోన్లు లేనప్పటి నుంచే ఉంది. కాగితాన్ని కట్ చేయలేవు కదా, అందుకని రాస్తున్నాను.

నువ్వు అమ్మిన మిషన్‌లో హార్డ్ డిస్కు పోయేలా ఉంది. పొద్దున స్విచ్ వేస్తే గుడ్డు పెట్టలేని కోడిలాగా మూలిగి మూలిగి, బతిమాలించుకొని గాని తెర వెలిగించదు. బస్టాండ్ పక్కన రాంచందర్ కంప్యూటర్ జాతక కేంద్రమంటే ఇటు ఇబ్రహీంపట్నం నుంచి అటు మన్నెగూడ దాకా తెలియని ఇల్లు లేదు. ఆషాఢంలో పెళ్ళిళ్ళు లేవు గనుక పరువు దక్కింది. శ్రావణం వస్తే సంబంధాలు కలిపించుకునేవాళ్ళు వరస కడతారు.

కొత్త కంప్యూటర్ కొనుక్కోమని సలహా ఇవ్వకు. నా ప్రోగ్రాం ఆ కాలం మిషన్ల మీద తప్ప నడవదు. ఫోన్లలో జాతకం చెప్పే యాప్‌లను నేను జాతకాల కింద లెక్కపెట్టను. మా సింధు ఒకసారి చూపించింది. అందులో నాకు రాజయోగం ఉందని వచ్చింది. అది ఉత్త అబద్ధమని అక్కడే తేలిపోయింది.

డిస్కును సింధుతో విప్పించి, తువ్వాలలో చుట్టి, సక్కుబాయి చేత పంపుతున్నాను. ఆమె రోజూ తెల్లారి ఆకుకూరల గంపతో మీర్‌పేట్ వస్తుంది కదా. అందులో ఉన్నదంతా ఇంకో డిస్కులోకి ఎక్కించి ఆమె చేతికే ఇవ్వు. మిగతా విషయాలు మనం మాట్లాడుకోవద్దు.

రాంచందర్


మీర్‌పేట్,
జూలై

త్రికాలాలూ తెలిసిన రాంచందర్‌కు,

సొంత డిస్కు ఎప్పుడు పోతుందో తెలియని జ్యోతిష్కుడి ఉత్తరం అందింది. కరివేపాకు వాసన వేస్తోంది. నీ చేతి నుంచి వచ్చినవాటిలో ఇంత మంచి వాసన వేసింది ఇదొక్కటే.

మిగతా విషయాలు మాట్లాడుకోవద్దు అన్నావు. నేను మాట్లాడతాను. పోయినేడు మా మనోజ్, మీ సింధు ఇద్దరూ నీ ఎదురుగా నిలబడి పెళ్ళి చేసుకుంటామని అడిగారు. నువ్వు మిషన్ ఆన్ చేసి, ప్రింటరు గీ అని అరిచి కక్కిన కాగితాన్ని చింపి వాడి చేతిలో పెట్టావు. "అష్టమంల కుజుడున్నడు. నా బిడ్డను చేసుకుంటే నువ్వు బతకవు" అన్నావు. వాడు ఆదిబట్లలో విమానం రెక్కల భాగాలు కొలిచేవాడు. వెంట్రుకంత తేడా ఉన్నా పట్టుకొని వెనక్కి పంపేవాడు. అలాంటివాడు నీ కాగితాన్ని మడిచి జేబులో పెట్టుకొని ఇంటికొచ్చాడు. ఇంకో సంబంధం మాట తేనివ్వడు. మీ సింధు కూడా తేనివ్వడం లేదని విన్నాను.

మా ఇల్లు నచ్చకపోతే నచ్చలేదని మొహం మీద చెప్పాల్సింది. చుక్కల వెనక దాక్కున్నావు. నాకు నీ మీద ఉన్నది కోపం కాదు రాంచందర్, ఏవగింపు.

అయినా పని చేశాను. మిషన్ ఏ పాపం చేసిందని? నీ పాత డిస్కు చివరి ఊపిరి మీద ఉంది. దానిలోది దాదాపు అంతా లాగాను. పంపుతున్నది ఈ కాలం డిస్కు. నీ మిషన్‌లోని వెడల్పాటి బూడిదరంగు పట్టీకి ఇది నేరుగా తగలదు. అందుకని మధ్యలో అడాప్టర్ అని పచ్చ పలక ఒకటి పెట్టాను. ఆ పట్టీ చెప్పేది కొత్త డిస్కుకూ, డిస్కు చెప్పేది పట్టీకీ అర్థమయ్యేలా అది చూస్తుంది. మన ఇద్దరికీ అలాంటిది ఇంకా కనిపెట్టలేదు.

బిగించేది సింధుతో చేయించు. నీ వేళ్ళు ఉంగరాలతో నిండి ఉంటాయి, పిన్నులు వంచుతావు.

స్వామి


ఇబ్రహీంపట్నం,
శ్రావణం

విమానాల కొలతగాడి తండ్రికి,

నీ డిస్కు వచ్చింది. సింధు బిగించింది. మిషన్ ఆన్ చేస్తే డిస్కును వెతుకుతున్నానని తెర మీద రాసి, పొద్దుగూకే దాకా వెతుకుతూనే ఉంది. బయట శ్రావణ శుక్రవారం గిరాకీ. బెంచీల నిండా జనం, ఒళ్ళో జాతకాల సంచులు. నేను లోపల నీ పచ్చ పలక ముందు చేతులు కట్టుకొని నిలబడ్డాను. ఈ మిషన్ అమ్మినవాడివి నువ్వు, దాని కడుపెంతో నీకే గుర్తులేదు. డాక్టర్‌వట.

సింధు ఎక్కడో చదివి చెప్పింది. ఆ కాలం మిషన్లకు ఎనిమిది జీబీ దాటితే లెక్క రాదట. నువ్వు పంపింది దానికి ఎన్నో రెట్లు పెద్దదట. ఆ మాట కాలేజీలో లెక్కలు చెప్పే నా బిడ్డకు తెలిసింది, నీకు తెలియలేదు. చిన్నది పంపు.

ఇంకో మాట. దాక్కున్నానన్నావు. నా జన్మలో నేను దాక్కోలేదు. మీ ఇల్లు నచ్చకపోవడమేమిటి? బడికి పోయేటప్పుడు నా పలక కూడా నువ్వే మోసేవాడివి. నీ ఇంట్లో నా బిడ్డ ఉండాలని, ఆ పిల్లలు అడగకముందే నేను యశోదమ్మతో అన్నాను. కావాలంటే మా ఇంటిదాన్నే అడుగు. కాని అష్టమంలో కుజుడు కనబడ్డాక నేనేం చేయాలి? ఊరందరి పిల్లలకు వద్దని చెప్పి, నా బిడ్డ దగ్గరికొచ్చేసరికి కళ్ళు మూసుకొని నీ కొడుకును మింగేయాలా? వాడు బతకాలనే వద్దన్నాను. నీకు అర్థం కాదు. నీకు చుక్కలంటే రాత్రిపూట కరెంటు పోయినప్పుడు కనబడేవి.

డిస్కు తొందరగా పంపు.

రాంచందర్


మీర్‌పేట్,
ఆగస్టు

రాంచందర్‌కు,

పెద్దది పంపడం నా తప్పే. నీ మిషన్ గురించి కాస్త గొప్పగా అనుకున్నాను. నిన్ను కూడా ఒకప్పుడు అలాగే అనుకున్నాను.

ఈసారి పంపింది కార్డు. పాత కెమెరాల్లో ఫోటోలు దాచుకునేది, అగ్గిపెట్టెంత ఉంటుంది. దీని అడాప్టర్ మిషన్ వెనక సందులో కూర్చుంటుంది. కార్డును బయటి నుంచే లోపలికి తోయవచ్చు, బయటికి లాగవచ్చు, ప్రతిసారీ డబ్బా విప్పే పని లేదు. మిషన్ ఆపి మాత్రమే లాగాలి. ఆ మాట పెద్ద అక్షరాలతో రాసి ఎదురుగా అంటించుకో, నిమ్మకాయ పక్కన.

పాత డిస్కు నుంచి అన్నీ వచ్చాయి, ఒక్క చిన్న ఫైలు రాలేదు. దానివల్ల నా దగ్గరున్న ఆ కాలం మిషన్ మీద ప్రోగ్రాం తెరవగానే ఊరు ఏదని అడిగింది. ఇబ్రహీంపట్నం అక్షాంశం, రేఖాంశం చూసి నేనే నింపాను. ఒకసారి పెడితే అదే ఉండిపోతుంది, మళ్ళీ అడగదు.

నీ కొడుకు బతకాలని వద్దన్నాను అన్నావు. ఆ వాక్యం మనోజ్‌కు చదివి వినిపించాను. వాడు నవ్వలేదు, తిట్టలేదు. "రాంచందర్ మామ గట్ల అన్నడా?" అని ఇంకోసారి చదవమన్నాడు. నీ మీద ఏవగింపును కూడా నన్ను తిన్నగా ఉంచుకోనివ్వవు.

స్వామి


ఇబ్రహీంపట్నం,
భాద్రపదం

స్వామికి,

కార్డు పని చేస్తోంది. చప్పుడు లేదు, మూలుగు లేదు, స్విచ్ వేయగానే తెర వచ్చి నిలబడుతుంది. నాకు నచ్చలేదు. మిషన్ లోపల ఏదో తిరుగుతున్నట్టు వినబడితే జాతకానికొచ్చిన పార్టీకి కూడా గ్రహాలు తిరుగుతున్నాయని నమ్మకం కుదిరేది. ఇప్పుడు ప్రింటరు ఒక్కటే నా మర్యాద కాపాడుతోంది.

కాని నీ కార్డులో దోషముంది. పక్కూరి పార్టీ ఒకాయన తన బిడ్డ జాతకం మళ్ళీ తీయమన్నాడు. పాత డిస్కు మీద ఆ పిల్లది తులా లగ్నం. కుజుడు వృషభంలో, అంటే ఎనిమిదో ఇల్లు, మాంగల్య స్థానం. దోషం గట్టిది. నీ కార్డు మీద అదే పిల్ల, అదే తేదీ, అదే గడియ, కన్యా లగ్నం అని వచ్చింది. కుజుడు తొమ్మిదో ఇంట్లోకి జరిగి కూర్చున్నాడు. దోషం లేదు. మిగతా పిల్లల జాతకాలు కొన్ని తీసి చూశాను. అవి మారలేదు. ఈ పిల్లదే మారింది.

కెమెరాలో ఫోటోలు దాచుకునే ముక్కను తెచ్చి గ్రహాల మీద పెడితే ఇలాగే ఉంటుంది. లేదంటే ఇందులో నువ్వేదో చేయి పెట్టావు. పెట్టావా? సూటిగా చెప్పు.

రాంచందర్


మీర్‌పేట్,
సెప్టెంబర్

రాంచందర్‌కు,

నీ ఉత్తరం చదివి మొదట సక్కుబాయి ముందే తిట్టాను. ఆమె గంప దించి, తీరిగ్గా కూర్చొని విన్నది. తర్వాత పాత డిస్కును బయటికి తీశాను.

దాన్ని ఇంకో రకం అడాప్టర్‌తో నా కంప్యూటర్‌కు తగిలించి, నిలువుగా పెట్టి చూశాను, పక్కకు వాల్చి చూశాను, చల్లారనిచ్చి చూశాను. చివరికి అప్పుడు రాని ఆ చిన్న ఫైలు వచ్చింది. నీ ప్రోగ్రాంలో ఇన్నేళ్ళుగా ఉన్న ఊరు ఏదో తెలుసా? బెజవాడ.

ప్రోగ్రాం పెట్టడానికి అప్పట్లో బెజవాడ నుంచి ఒకాయన వచ్చాడు గుర్తుందా? ఆయన తన ఊరు పెట్టుకొని చూపించి, అలాగే వదిలేసి పోయాడు. ఊరు మార్చాలేమో చూద్దామని నేను ముందుకొస్తే నువ్వు నా చేయి పట్టుకొని ఆపావు. "చుక్కలు ఆకాశంల ఉంటయి గాని ఊరూరికి ఒకటి ఉంటదా? ముట్టకు" అన్నావు. నేను కూడా పోనీలే అని వదిలేశాను. నాకు ఏ ఊరైనా ఒకటే, జాతకమే అబద్ధమైనప్పుడు.

లగ్నమంటే పుట్టిన గడియలో తూర్పున లేచే రాశి అని నువ్వే కదా అందరికీ బోర్డు మీద రాసి పెట్టావు. బెజవాడ మనకు తూర్పు. అక్కడ పొద్దు మనకంటే ముందు పొడుస్తుంది, రాశి కూడా ముందే లేస్తుంది. అక్కడ తుల లేచేసరికి ఇక్కడ ఇంకా కన్య పోలేదు. రాశి నడిమధ్యలో పుట్టినవాళ్ళకు తేడా రాదు. అంచు మీద పుట్టినవాళ్ళకు వస్తుంది. ఇన్నేళ్ళలో అలా అంచు మీద పుట్టినవాళ్ళు నీ బెంచీ మీద ఎంతమంది కూర్చున్నారో, ఎన్ని సంబంధాలు చెడిపోయాయో నువ్వే ఆలోచించుకో.

నేను చేయి పెట్టలేదు. పెట్టాలంటే నీ మిషన్‌ను నమ్మాలి. నేను నమ్మను, అది కన్య అన్నా, తుల అన్నా.

ఆ పక్కూరి పిల్ల ఎవరో నేను అడగడం లేదు.

స్వామి


ఇబ్రహీంపట్నం,
ఆశ్వయుజం, దసరా ముందు

స్వామీ,

పక్కూరి పిల్ల లేదు. సింధుదే. నీకు తెలుసని నాకు తెలుసు.

నేను మూడు పూటలు అన్నం తినలేదని యశోదమ్మ నీకు ఫోన్ చేసిందట. నమ్మకు. ఒక్క పూటే తినలేదు.

నా బిడ్డకు దోషం లేదు. పోయినేడు నుంచి అది నాతో అవసరానికి తప్ప మాట్లాడలేదు. కాలేజీ నుంచి వచ్చి, కంచం కడిగి, గదిలోకి పోతుంది. మనోజ్‌తో పెళ్ళికి నేను ఒప్పుకుంటున్నాను. నా పెద్దబావ తుక్కుగూడ అంజిలయ్య, మా దాయాదులు, అందరికీ సింధు దోషం సంగతి తెలుసు. వాళ్ళను పిలిచి, వాళ్ళ కళ్ళ ముందే మిషన్ మీద మళ్ళీ తీసి చూపిస్తాను. లేకపోతే పెళ్ళికి రారు.

ఒక సాయం కావాలి. కార్డు బయటి నుంచే మార్చవచ్చు అన్నావు కదా. ఇంకో కార్డు పంపు. దాంట్లో ఊరు బెజవాడే ఉంచు. నవ్వకు. ఊరందరికీ అప్పుడు ఒకటి, ఇప్పుడు ఒకటి వస్తే నా గతి ఏమిటి? బోర్డు దించుకొని పోవాలి. వచ్చేవాళ్ళకు ఎప్పటిలాగే బెజవాడ కార్డు నడుస్తుంది. సింధు కోసం ఆ ఒక్క రోజు ఇబ్రహీంపట్నం కార్డు పెడతాను. తికమక పడకుండా ఊరివాళ్ళదానికి పసుపు చుక్క, సింధుదానికి కుంకుమ చుక్క పెడతాను.

నీ ఏవగింపు ఎంతైనా రాసుకో. కార్డు మాత్రం పంపు.

రాంచందర్


మీర్‌పేట్,
అక్టోబర్

రాంచందర్,

నువ్వు అడిగినట్టే కార్డు పంపుతున్నాను. నా కొడుకు పెళ్ళి నీ దయ మీద ఉంది కాబట్టి పంపుతున్నాను. ఇలా రాయాల్సి వచ్చినందుకు నన్ను చూస్తే నాకే రోతగా ఉంది.

ఇన్నాళ్ళూ నువ్వు పిచ్చివాడివనుకున్నాను. నమ్మి చేస్తున్నావు, మోసం లేదు, తిట్టుకుంటూనైనా నీతో స్నేహం చేయవచ్చు అనుకున్నాను. నీ బిడ్డను ఇవ్వనన్నప్పుడు కూడా, నీ శ్రావణం ఉత్తరం చదివాక, పోనీ వీడు తన తిక్కకు తానే కట్టుబడ్డాడు అనుకున్నాను. ఇప్పుడు ఆ మర్యాద కూడా పోయింది. తప్పని తెలిశాక ఊరివాళ్ళ పిల్లలకు తప్పు కార్డు, సొంత బిడ్డకు మంచి కార్డు. ఇంతకంటే నీచం నేను చూడలేదు. జాతకాలు నమ్మని నాకే ఇంత కంపరంగా ఉంటే, నమ్మేవాడివి నీకెలా నిద్ర పడుతోంది?

మీ పంచాయితీకి నేను రాను. మనోజ్ వస్తానంటే ఆపను.

స్వామి


ఇబ్రహీంపట్నం,
కార్తీకం

స్వామీ,

మనోజ్ నీకు ఎంత చెప్పాడో తెలియదు. వాడు తక్కువ మాటల మనిషి. నేను చెప్తాను, పూర్తిగా చదువు.

దసరా నాడు యశోదమ్మ మిషన్‌కు పూజ చేసి, రెండు కార్డులకూ ఇంత పసుపు, ఇంత కుంకుమ పులిమింది. నేను కేకలేసి, తుడిపించి, మళ్ళీ చుక్కలు పెట్టమని సింధుకు ఇచ్చాను. ఏది ఏదో తెరిచి చూడడం దానికే వచ్చు.

మొన్న ఆదివారం అందరూ వచ్చారు. అంజిలయ్య బావ ముందు వరసలో, ఆయన పక్కన ఆయన బిడ్డ శోభ. శోభకు కుదిరిన ఒక సంబంధం నా మిషనే వద్దన్నది. తర్వాత ఇంకెక్కడో చేశారు. నీ మనోజ్ గుమ్మం దగ్గర నిలబడ్డాడు, కూర్చోమన్నా కూర్చోలేదు. నేను కుంకుమ చుక్క కార్డు దోపి, స్విచ్ వేసి, సింధు పుట్టిన గడియ కొట్టాను. ప్రింటరు అరిచింది. కాగితం చింపి, నేను చూడకుండానే, నీకు తెలుసు కదా నా దర్జా, అంజిలయ్య బావ చేతికిచ్చాను.

ఆయన గట్టిగా చదివాడు. తులా లగ్నం. అష్టమ కుజుడు.

పూజలో చుక్కలు కలిసిపోయాయని యశోదమ్మను కొరకొరా చూశాను. అంజిలయ్య బావ కాగితం మడిచి ఒళ్ళో పెట్టుకున్నాడు. "మా పిల్లకు చెప్పినట్టే నీ పిల్లకు చెప్పింది బామ్మర్దీ. మిషన్‌కు మనోళ్ళు, మందోళ్ళు లేరు. ఇగ లేద్దాం" అన్నాడు. ఆ మాటలో వెక్కిరింపు లేదు. మిషన్ మీద గౌరవమే ఉంది. నాకు చచ్చిపోవాలనిపించింది.

అప్పుడు సింధు ప్రింటరు పక్క నుంచి మాట్లాడింది. మెల్లగా, నాకు వినబడేటంతే. "అమ్మ కలపలేదు బాపు. చుక్కలు నేనే మార్చిన. నా ఒక్కదాని కోసం దాచిన కార్డు నాకొద్దు. అందరికీ ఏది పెడ్తవో నాకు గూడ గదే పెట్టు."

దాని మొహం చూశాను. అది నన్ను ఎంత తక్కువగా చూసిందో, నువ్వు జన్మంతా రాసినా అంత రాయలేవు. నేను ఊరుకుంటే ఆ పెళ్ళి అక్కడే పోయేది. నా బోర్డు నిలిచేది. అది కూడా ఏమీ అనకుండా కంచం కడుక్కొని గదిలోకి పోయేది, ఎప్పటికీ.

లేచి నిలబడ్డాను. "బావా, గా కాగితం తప్పు. ఇన్నేండ్ల సంది నేనిచ్చినయన్నీ బెజవాడ లగ్నాలు" అన్నాను. ఎవరికీ అర్థం కాలేదు. అంతా విడమర్చి చెప్పాను, నువ్వు రాసినట్టే, పొద్దు ముందు పొడవడం, రాశి ముందు లేవడం. చెప్తుంటే నాకే మొదటిసారి సరిగా అర్థమైంది. అంజిలయ్య బావ ఒక్కటే అడిగాడు. "మరి మా శోభది?"

మిషన్ ఆపి, కార్డు మార్చి, శోభది తీశాను. మారలేదు. ఆ పిల్ల రాశి నడుమనే పుట్టింది. ఆయనకు అది ఊరటో, బాధో నాకు తెలియలేదు. సింధుది తీశాను, కన్య వచ్చింది. ఎవరూ చదవలేదు. శోభ మాత్రం లేచి వచ్చి సింధు చేయి పట్టుకుంది.

సంగతి రెండు రోజుల్లో మన్నెగూడ దాటింది. జాతకం తప్పని తేలితే జనం జాతకాలు మానేస్తారని నీ ఆశ. మానలేదు. తిట్టడానికి వచ్చినవాళ్ళందరూ తిట్టి, అదే నోటితో మళ్ళీ తీయమంటున్నారు. ఉత్తగానే తీసి ఇస్తున్నాను. నిన్న ఒకావిడ కొడుకు లగ్నం మారింది. ఎప్పుడో తప్పిపోయిన సంబంధం తలచుకొని నా ముందే ఏడ్చింది. నేను తల వంచుకొని కూర్చున్నాను. నువ్వు ఉంటే బాగుండు, నాలుగు తిట్టి లేపేవాడివి.

సింధుతో చుక్కలు మళ్ళీ సరిచేయించి, బెజవాడ ఉన్న పసుపు చుక్క కార్డును ఈ ఉత్తరంలో పెట్టి పంపుతున్నాను. ఫోటోలు దాచుకో, ఏమైనా చేసుకో. నా దగ్గర ఉండొద్దు.

పెళ్ళి రోజు సింధే పెట్టింది. కాలేజీకి సెలవు, మనోజ్‌కు సెలవు, అంతే దాని లెక్క. ఆ రోజు తిథి, నక్షత్రం చూస్తే ఊరుకోనని నాకు గట్టిగా చెప్పింది. అందుకని చూడలేదు.

మంచి రోజే. తప్పకుండా రా.

రాంచందర్